ఓడలు వెళ్ళిపోయాక...

“ఓడ ఎక్కేదాకా ఓడమల్లన్న, ఓడ దిగాక బోడిమల్లన్న” అంటారు మన పెద్దవాళ్ళు. అవసరం తీరాక మొహం చాటేసే మనుషుల గురించి పుట్టిన సామెత ఇది. కాని ఒక ఊరి కథ చెప్పటానికి కూడా ఇంతకంటే మంచి మాట దొరకదనిపిస్తుంది. ఆ ఊరు బందరు. కాగితాల మీద మచిలీపట్నం.

ఎవరైనా బందరు వెళ్తున్నారంటే మన ఆడవాళ్ళం వెంటనే ఏమంటాం? “వచ్చేటప్పుడు లడ్డూ తెచ్చిపెట్టండి” అంటాం. కాస్త చనువున్నవాళ్ళయితే “చిలకలపూడి గాజులు కూడా ఓ జత” అంటాం. చేతిసంచీలో పట్టే ఆ రెండు వస్తువులతో బందరు అయిపోయిందనుకుంటాం. కాని మూడు వందల ఏళ్ళ కిందట ఈ ఊరి సరుకు వెళ్ళింది చేతిసంచీల్లో కాదు, ఓడల్లో. ఆ ఓడలు రావటం మానేశాయి. ఓడని నమ్ముకున్న ఊరికి ఓడే రాకపోతే ఇంకేం మిగులుతుంది? ఇసుకా, పాడుబడిన గోడలూ మిగలాలి. కాని బందరులో బజారు మిగిలింది. ఇప్పటికీ ఉంది. ఎలా నిలబడిందన్నదే ఈ కథ. ఇందులో రాజులూ దొరలూ ఉన్నారు గాని, కథ సగానికి పైగా మన కొంగున ముడేసుకున్న డబ్బుల గురించే.

“బందర్” అంటే పారసీ భాషలో రేవు. అంటే ఆ ఊరికి రేవే ఇంటిపేరు. గోల్కొండ సుల్తానుల కాలంలో తూర్పు తీరాన ఇంతటి రేవు మరొకటి లేదు. పెగూకీ, సయాముకీ, అటు ఓర్ముజుకీ, మక్కాకీ ఇక్కణ్ణించి ఓడలు వెళ్ళేవి. ఆ వాసన పట్టుకుని దూరదేశాలవాళ్ళు దిగారు. 1605లో డచ్చివాళ్ళు వచ్చారు. 1611లో ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. 1669లో ఫ్రెంచివాళ్ళు కొట్టు పెట్టారు. ఈ సంవత్సరాలన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. బందరులో రిక్షావాణ్ణి అడిగినా చెప్తాడు, పేటల పేర్ల రూపంలో. ఇంగ్లీషువాళ్ళున్న చోటు ఇంగ్లీషుపాలెం. హాలండువాళ్ళని మనవాళ్ళు వలందులు అన్నారు కనక వాళ్ళది వలందపాలెం. ఫ్రెంచివాళ్ళు పరాసులు, వాళ్ళది పరాసుపేట. దొరలు పోయి ఎన్ని తరాలైందో, పేర్లు మాత్రం వీధి మొగల్లో పాతుకుపోయి ఉన్నాయి. తెలుగువాడి నోట్లో పడి హాలండు వలందయింది చూశారా, అదొక ముచ్చట.

ఇంతమంది ఇంత దూరం ఎందుకొచ్చారు? బట్టల కోసం. కలంకారీ అద్దకం కోసం.

ఆ అద్దకం ఎలా చేస్తారో వింటే ఓ చీర వెనక ఎన్ని చేతులుంటాయో అర్థమవుతుంది. ముందు బట్టని ఉతికి తెల్లబరుస్తారు. కరక్కాయ నీళ్ళలోనూ, గేదెపాలలోనూ ముంచి ఆరేస్తారు. కరక్కాయ రంగుని పట్టుకుంటుంది, పాలలో జిడ్డు రంగుని పాకకుండా ఆపుతుంది. తుప్పుపట్టిన ఇనపముక్కల్ని బెల్లం నీళ్ళలో వారాలకొద్దీ పులియబెడితే నల్లరంగు వస్తుంది. పటిక అద్ది, సముద్రపు ఒడ్డు ఇసుకనేలల్లో పెరిగే చిరివేరుతో ఉడికిస్తే ఎరుపు వస్తుంది. నీలిమందుతో నీలం. పువ్వులూ లతలూ టేకు చెక్క మీద చెక్కి అచ్చులు చేస్తారు. ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు. మధ్య మధ్య పారే నీళ్ళలో ఉతకాలి, ఎండలో ఆరెయ్యాలి. నేతగాడు, చాకలి, వడ్రంగి, అద్దకంవాడు, వేళ్ళు తవ్వి తెచ్చేవాడు, పాలుపోసే ఆవిడ — ఇందరు కలిస్తే ఒక గుడ్డ. ఎంత ఉతికినా వెలిసిపోని రంగు ఐరోపావాళ్ళకి అప్పటికి తెలియదు. అందుకే పడిచచ్చారు.

పడిచచ్చింది ముఖ్యంగా అక్కడి ఆడవాళ్ళే. గౌన్లు కుట్టించుకున్నారు, పడకల మీద పరిచారు, కిటికీలకి కట్టారు. దాంతో అక్కడి నేతగాళ్ళకి పని తగ్గింది, గోలపెట్టారు. ఫ్రాన్సు 1686లో మన తీరాల్నించి వెళ్ళే అద్దకం బట్టల్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, చాలక 1721లో ఇంకా గట్టి చట్టం చేసింది. తమ బజారుని తాము కాపాడుకోవాలని వాళ్ళకి ఎంత తొందరగా తోచిందో చూడండి! ఆ తర్వాత వాళ్ళు మన అద్దకం నేర్చుకుని, మరలు కనిపెట్టి, అదే పువ్వులూ అవే లతలూ ముద్రించి మనకే చవగ్గా అమ్మారు. మనకోసం చట్టం చేసేవాళ్ళు లేరు. 1759లో ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివాళ్ళ చేతుల్లోంచి బందరు కోటని పట్టుకున్నారు గదా, ఇక ఆ పైన చట్టాలు చేసేదీ వాళ్ళే, సరుకు అమ్మేదీ వాళ్ళే.

రేవు కష్టాలు రేవుకున్నాయి. కృష్ణమ్మ తెచ్చే ఒండ్రు వల్ల తీరం దగ్గర లోతు లేదు. పెద్ద ఓడలు దూరాన ఆగితే చిన్న పడవల మీద సరుకు చేరవెయ్యాలి. అయినా ఏదో సాగుతుండగా 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చింది. సముద్రం లేచి ఊరి మీద పడింది. ఊళ్ళోనూ చుట్టుపక్కలా దాదాపు 30,000 మంది పోయారని లెక్క. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన గుర్తున్నవాళ్ళకి ఇది ఎలాంటి రాత్రో నేను వర్ణించి చెప్పనక్కర్లేదు.

ఉప్పెన తర్వాత ఊరు లేచి నించుందిగాని, ఈలోగా లోకం దారి మార్చుకుంది. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట కట్టారు. 1893లో అక్కడే నది మీద రైలు వంతెన పడింది. ఉత్తరాన్నించి దక్షిణానికి పోయే ప్రతి రైలూ బెజవాడలో ఆగాల్సిందే. వర్తకం మెల్లగా అటు జరిగింది. 1933లో విశాఖపట్నంలో లోతైన హార్బరు తెరిచారు. ఓడలు అటు వెళ్ళిపోయాయి. బందరుకి జిల్లా ముఖ్యపట్నమన్న పేరూ, కోర్టులూ, కచేరీలూ, కాలేజీలూ మిగిలాయి. ఓడమల్లన్న బోడిమల్లన్న అయ్యాడు.

ఇక్కడితో ఆపేస్తే ఇది మామూలు విషాదకథ. అసలు నేను చెప్పాలనుకున్నది ఇక్కణ్ణించే మొదలవుతుంది.

ఓడలు రావటం తగ్గిన ఆ రోజుల్లోనే బందరులో కొందరు చదువుకున్నవాళ్ళకి ఓ ఆలోచన వచ్చింది. బయటినించి ఎవరో వచ్చి మనల్ని బాగుచేస్తారని ఎదురుచూడ్డం దండగ. మన ఊళ్ళో ఉన్నదాన్నే పోగుచేసుకుందాం అన్నారు. 1902లో కృష్ణాపత్రిక పుట్టింది. 1907 నించి ముట్నూరి కృష్ణారావు గారు దాన్ని నడిపారు. ఆ ఏడే బిపిన్ చంద్రపాల్ బందరు వచ్చి స్వదేశీ గురించి ఉపన్యసించారు. ఉపన్యాసాలకేం, ఎన్నో వింటాం, ఇంటికొచ్చి పడుకుంటాం. కాని వీళ్ళు పడుకోలేదు. కోపల్లె హనుమంతరావు గారు వకీలు చదువు చదివీ దాన్ని పక్కన పెట్టి 1910లో జాతీయ కళాశాల పెట్టారు. అక్కడ పుస్తకాలతోబాటు మగ్గమూ, వడ్రంగమూ, చిత్రకళా నేర్పారు. తర్వాత మన జెండాకి రూపం దిద్దిన పింగళి వెంకయ్య గారు ఆ కళాశాలలో పాఠాలు చెప్పినవారే. పత్తి విత్తనాల మీద ఆయన చేసిన కృషికి “పత్తి వెంకయ్య” అని పేరొచ్చింది. బట్టతో పైకొచ్చిన ఊరు గదా, దాని స్వాతంత్ర్యమూ పత్తిగింజ దగ్గరే మొదలైంది.

ఇంతవరకూ పత్రిక, చదువు. డబ్బు మాటేమిటి?

ఆ కాలంలో మధ్యతరగతి ఇంట్లో నాలుగు రూపాయలు మిగిలితే ఏం చేసేవారు? బంగారం కొని పెట్లో పెట్టేవారు. ధైర్యవంతులైతే మద్రాసులో దొరల బ్యాంకులో వేసేవారు. 1906లో మద్రాసులో అర్బత్‌నాట్ అనే దొరల బ్యాంకు కూలిపోయింది. రాజధాని అంతటా చిన్నచిన్న సంసారుల సొమ్ము గంగలో కలిసింది. ఇక ఊళ్ళో కొట్టు పెట్టుకోవాలన్నా, మగ్గానికి నూలు కొనాలన్నా వడ్డీవ్యాపారి గుమ్మం తొక్కాలి. నూటికి ఎంతన్నాడో అంతా ఇచ్చుకోవాలి. అంటే ఒకవైపు ఊళ్ళో డబ్బు పెట్లో నిద్రపోతోంది. ఇంకోవైపు ఊళ్ళో వ్యాపారం డబ్బులేక నీరసపడుతోంది. రెండిటికీ మధ్య నడిచే దారి లేదు.

ఆ దారి వేసినవారు భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు. ఆయన బందరులో డాక్టరు. దేశోద్యమంలో ఆయన చేసిన పనులు పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి, 1948లో కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. కాని నాకు మాత్రం ఆయన ఊరి నాడి చూసిన డాక్టరుగానే ఎక్కువ ఇష్టం. 1915లో సహకార బ్యాంకు పెట్టించారు. 1923 నవంబరు 20వ తేదీన ఆంధ్రా బ్యాంకు రిజిస్టరు చేయించారు, 28న తలుపులు తెరిచారు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ పెట్టారు. 1926లో అదే ఊళ్ళో అయ్యగారి రామమూర్తి గారు ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ మొదలుపెట్టారు. బడిపిల్లలు ప్రయోగశాలలో వాడే సామానుకి సీమ వైపు చూడనక్కర్లేకుండా ఆ పరికరాలు బందరులోనే తయారయ్యాయి. ఓడలు వెళ్ళిపోయాయని ఏడవాల్సిన రోజుల్లో ఒక చిన్న ఊరు ఇన్ని పనులు చేసింది!

నేను నవలలు రాసుకునేదాన్ని, లెక్కలు నాకు అంతగా ఎక్కవు. అయినా బ్యాంకు చేసే పని నాకు తెలిసినంతలో ఇది: పదిమంది దాచుకున్న రూపాయి, పదకొండోవాడి కొట్టుకి పెట్టుబడి అవుతుంది. ఆ కొట్టువాడు గుమాస్తాకి జీతమిస్తాడు. గుమాస్తా భార్య ఆ జీతంతో ఆ వీధిలోనే పప్పూ ఉప్పూ కొంటుంది. పచారీకొట్టువాడు తన కూతురి పెళ్ళికి ఆ వీధిలోనే బట్టలు కొంటాడు. ఒక్క రూపాయి ఊళ్ళో నాలుగిళ్ళు తిరిగి నలుగురికి అన్నం పెట్టి మళ్ళీ బ్యాంకుకి చేరుతుంది. అదే రూపాయి పొలిమేర దాటిపోతే ఊరికి ఒక్కసారే పనికొస్తుంది. వాన పడ్డ నీళ్ళని చెరువులో నిలబెట్టుకోవటానికీ, కాలవ వెంట పోనివ్వటానికీ ఎంత తేడానో అంత తేడా.

ఆ తర్వాత ఇవన్నీ ఏమయ్యాయో కూడా దాచకుండా చెప్పాలి. 1956లో జీవితబీమా దేశం చేతికి వెళ్ళింది. ఆంధ్రా బ్యాంకు పెరిగి పెద్దదై ప్రధాన కార్యాలయాన్ని హైదరాబాదుకి మార్చుకుంది, 1980లో జాతీయమైంది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. ఆ కర్మాగారం ఊళ్ళోనే నిలిచి ఎందరికో ఉద్యోగాలిచ్చింది. పెంచి పెద్దచేసిన పిల్లలు పట్నాలకి వెళ్ళిపోవటం మన ఇళ్ళల్లోనూ ఉన్నదే. వెళ్ళిపోయారని పెంచటం వృథా అనుకుంటామా? వాళ్ళు ఊళ్ళో ఉన్న పాతికముప్పై ఏళ్ళలో బజారు తన కాళ్ళమీద తాను నిలబడ్డం నేర్చుకుంది.

ఇక ఇప్పటికీ బందరుని వదలకుండా అంటిపెట్టుకున్నవి మూడున్నాయి. మూడూ చిన్న పనులే.

మొదటిది లడ్డూ. బుందేల్‌ఖండ్ వైపు నించి వచ్చి స్థిరపడ్డ బొందిలీ కుటుంబాలవాళ్ళు ఈ మిఠాయి తెచ్చారని చెప్పుకుంటారు. శనగపిండి పూస నేతిలో వేయించి, దంచి, జల్లించి, బెల్లప్పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్ళీ దంచుతారు. అందుకే తొక్కుడు లడ్డూ అని పేరు. దాని రుచి రోకలిపోటులో ఉంది. బందరు లడ్డూకి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఇంకో ఊళ్ళో చేసి ఆ పేరుతో అమ్మకూడదు.

రెండోది చిలకలపూడి నగలు. రాగి మీద సన్నని బంగారు పూత. బంగారం ధర వింటేనే గుండె దడ వచ్చే ఈ రోజుల్లో, ఒంటి నిండా అసలు నగలు వేసుకుని రాత్రి బస్సెక్కలేని ఈ రోజుల్లో, ఎన్ని పెళ్ళిళ్ళు ఆ నగలు గట్టెక్కించాయో మనకే తెలుసు. గిల్టు అని పెదవి విరుస్తాంగాని, దాని వెనక పనితనం గిల్టు కాదు. ఇందులో రాళ్ళు అంటించటం, గొలుసులు అల్లటం వంటి పనులు చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళే చేస్తారు. పిల్లల్ని బడికి పంపి, పొయ్యి కట్టేసి, అరుగు మీద కూచుని నాలుగు జతలు చేస్తే ఆ వారం పాలవాడికి ఇవ్వచ్చు. మనం “ఇంకో పది తగ్గించు” అన్నప్పుడు ఆ పది చివరికి ఎవరి చేతిలోంచి వెళ్తుందో ఒక్కసారి అనుకుంటే చాలు.

మూడోది ఆ పాత కలంకారీయే. చచ్చిపోయిందనుకున్నది బతికింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో చేతిపనుల కోసం అఖిలభారత బోర్డు ఏర్పడ్డప్పుడు కమలాదేవి చట్టోపాధ్యాయ గారు దాని బాధ్యత తీసుకున్నారు. మూలపడిన పనుల్ని వెతికి వెతికి పట్టుకున్నారావిడ. శ్రీకాళహస్తిలో కలంతో గీసే కలంకారీకీ, బందరులో అచ్చులు వేసే కలంకారీకీ మళ్ళీ కదలిక వచ్చింది. ఈనాడు ఆ అద్దకం ఎక్కువగా బందరుకి పొరుగున ఉన్న పెడనలో సాగుతోంది. అచ్చులు చెక్కేవాళ్ళూ అక్కడే ఉన్నారు.

కాని దానికి శత్రువు ఇప్పుడు ఇంగ్లండు కాదు, నకలు. మరమీద రసాయనపు రంగులతో కలంకారీ పువ్వులు ముద్రించి, కలంకారీ అనే పేరుతోనే అమ్ముతున్నారు. ధర మూడోవంతు. మనం తెలియక కొంటాం. చేతి అద్దకం గుర్తుపట్టటం బ్రహ్మవిద్యేం కాదు. గుడ్డని తిరగేసి చూడండి, చేతి అచ్చు వేసినదానికి రంగు వెనక్కి దిగి కనిపిస్తుంది. అచ్చుకీ అచ్చుకీ అతుకు దగ్గర వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ప్రతి పువ్వూ ఇంకో పువ్వులా అచ్చు గుద్దినట్టుంటే అది మర. చెట్టూ చేమల రంగులు కళ్ళలో పొడిచినట్టుండవు, మెత్తగా ఉంటాయి. మనం వంకాయ పుచ్చో మంచో చూసి ఏరుకునే వాళ్ళం. ఈపాటి చూడలేమా?

ఇప్పుడు బందరు కథ ఇంకో మలుపు దగ్గర నించుంది. కొత్త రేవు పనులు 2023లో మొదలయ్యాయి. ఓడలు వస్తాయంటే సంతోషమే. ఇంతకాలం ఎదురుచూసిన ఊరు అది. కాని చరిత్ర చదివినవాళ్ళకి మనసులో ఓ మూల పీకుతూనే ఉంటుంది. ఇదివరకు ఓడలొచ్చిన రోజుల్లో లాభం ఎవరికి ఎక్కువ పోయింది? అద్దకంవాడికి కాదు. సరుకు ఊరి మీదుగా వెళ్ళటం వేరు, ఊళ్ళో ఆగటం వేరు. బొగ్గూ, ఎరువూ, సిమెంటూ ఓడలోంచి లారీలోకి దిగి ఊరు దాటిపోతే కోనేరు సెంటర్లో కొట్టువాడికి ఒరిగేది దుమ్మే. ఆ లారీ డ్రైవరు అక్కడ ఆగి భోంచేస్తే, రేవులో పనిచేసే ఇంజనీరు భార్య అక్కడ చీర కొంటే, అప్పుడు రేవు వచ్చినట్టు.

ఇంకో చిత్రం వినండి. బెజవాడలో పెద్ద పెద్ద బట్టల దుకాణాలున్న రోడ్డుకి మహాత్మాగాంధీ గారి పేరు పెట్టారు గాని, జనం నోట్లో అది బందరు రోడ్డే. బందరు వాళ్ళు పెళ్ళి కుదరగానే కారు కట్టుకుని డెబ్భై కిలోమీటర్లు వెళ్ళి బందరు రోడ్డు మీద చీరలు కొనుక్కుని వస్తారు! రోడ్డు బాగుపడే కొద్దీ ప్రయాణం తేలికవుతోంది. బందరుకి రావటానికి వేసిన దారే బందరు నించి పోవటానికీ దారి. ఇది ఒక్క బందరు సంగతి కాదు. మన తెనాలికీ, నరసాపురానికీ, జగిత్యాలకీ, ఇంకా మీరు పుట్టి పెరిగిన ఊరికీ వర్తిస్తుంది. పొరుగింటి పుల్లకూర రుచి మరి. ఇప్పుడైతే గడప కూడా దాటనక్కర్లేదు, ఫోనులో వేలుపెట్టి నొక్కితే గుమ్మంలోకి వస్తుంది.

అలాగని ఊళ్ళో కొట్టువాళ్ళ మీద జాలితో కొనమని చెప్పటం నా ఉద్దేశం కాదు. జాలితో కొన్న చీర రెండోసారి కట్టబుద్ధి కాదు. కొట్టువాళ్ళు మారాల్సింది కూడా ఉంది. నాలుగు చీరలు తీయించగానే మొహం ముడుచుకునేవాళ్ళున్నారు. “ఉన్నది ఇదేనండీ, కావాలంటే తీసుకోండి” అనేవాళ్ళున్నారు. ఇక వీధి సంగతి. మనిషికో మనిషి తగలకుండా నడిచే కాలిబాట ఉండదు. ఎండకి నీడ ఉండదు. పిల్లతల్లి కాసేపు కూచోవటానికి బల్ల ఉండదు. అన్నిటికీ మించి, ఆడది అరపూట బజారులో తిరగాలంటే వెళ్ళటానికి శుభ్రమైన మరుగుదొడ్డి ఉండదు. పట్నం దుకాణంలో చల్లదనమూ, దీపాలూ చూసి వెళ్తున్నామనుకుంటారు మగవాళ్ళు. సగం మంది అందుకోసం వెళ్ళరు, ఆ ఒక్క సదుపాయం కోసం వెళ్తారు. పురపాలక సంఘంవాళ్ళు ఊరి బజారుని బాగుచెయ్యాలంటే తోరణాలు కట్టక్కర్లేదు, ముందు ఈ పని చేస్తే చాలు. 1866 నించి బందరులో పురపాలక సంఘం ఉంది. ఇప్పుడది నగరపాలక సంస్థ. చెయ్యలేని పని కాదు.

ఊళ్ళో కొట్టు మనకిచ్చేది సరుకొక్కటే అనుకోవద్దు. ఒకటో తారీకు దాకా ఖాతా రాసుకునేది ఆ కొట్టే. బళ్ళో చదివే ఆడపిల్ల చీకటిపడ్డాక ట్యూషన్ నించి వస్తుంటే దీపం వెలుగుతూ, తెలిసిన మనిషి కూచుని ఉండేది ఆ కొట్లోనే. మీ ఆయన ఊళ్ళో లేనప్పుడు అర్ధరాత్రి మందు కావాలంటే తలుపు తీసేదీ ఆ వీధి మందులషాపు ఆయనే. ఫలానావారి కోడలు అని పేరుతో పలకరించే వీధి ఒకటి ఉండటం ఎంత ధైర్యమో, కొత్త ఊళ్ళో కాపురం పెట్టినవాళ్ళకి తెలుస్తుంది. ఆ కొట్లు ఒక్కొక్కటే మూతపడితే మనం పోగొట్టుకునేది పప్పూ ఉప్పూ కాదు. అవి ఎక్కడైనా దొరుకుతాయి.

బందరు పెద్దలు ఆనాడు విదేశీ వస్తువు కొనొద్దన్నారు, దానితోబాటు కొనదగ్గ వస్తువు తామే తయారుచేశారు, తయారుచేసేవాడికి అప్పిచ్చారు, చెయ్యటం నేర్పటానికి బడి పెట్టారు. నాలుగూ కలిస్తేనే బజారు లేచి నించుంది. ఒక్కటి తప్పినా మిగతా మూడూ కుంటుతాయి. కొనేవాళ్ళం మనం. కనక మన వంతు ఒకటుంది. నెలలో చేసే ఖర్చులో పదో వంతు, పోనీ పండగ సరుకు ఒక్కటి, ఊళ్ళోనే కొనాలని నియమం పెట్టుకోవచ్చు. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో ఆ కొట్టాయనకి చెప్పి రావచ్చు. అలా చెప్పేవాళ్ళు లేకే సగం కొట్లు పాడవుతాయి. ఆయనకీ మన ఇష్టాలు తెలుస్తాయి, పై నెల ఆ రకం తెప్పిస్తాడు.

అద్దకంవాళ్ళు ఇప్పటికీ పెడనలో తెల్లవారుజామునే లేచి కరక్కాయ నానబెట్టుకుంటారు. కాలవలో నీళ్ళున్నన్నాళ్ళూ గుడ్డ ఉతుకుతారు, వేసవిలో కాలవ కట్టేస్తే నీళ్ళకి వెతుక్కుంటారు. రేవులో ఓడ వచ్చిందా లేదా అని చూసి వాళ్ళు పని మొదలెట్టరు. కొట్లో నిన్న ఎన్ని గజాలు తెగాయని అడుగుతారు.